రెప్ప అంచున పేరుకునే నూనె

కింది కనురెప్పను వేలితో కొద్దిగా దించి, మంచి వెలుతురులో అద్దానికి దగ్గరగా చూస్తే, వెంట్రుకల వరసకు వెనకగా, రెప్ప అంచు కంటిగుడ్డును ఆనుకునే చోటికి కాస్త ముందుగా, ఒకే బారున సాగే సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క నూనె గ్రంథికి నోరు. ఆరోగ్యంగా ఉన్న రెప్పను మెల్లగా నొక్కితే ఆ నోళ్ల నుంచి తేటనూనె చిన్న చిన్న బిందువులుగా ఊరుతుంది. కంటి లోపలి అంచు వెంట కాటుక దిద్దుకునేవారు ఆ గీతను సరిగ్గా ఈ నోళ్ల మీదుగానే గీస్తారు. రెప్ప మీద తలెత్తే గడ్డల్లో ఎక్కువ భాగం ఇలాంటి నోరు ఒకటి పూడుకుపోవడంతోనే మొదలవుతుంది కాబట్టి, గడ్డ సంగతి తెలియాలంటే ముందుగా ఈ గ్రంథులు ఎక్కడ ఉంటాయో, రోజంతా ఏ పని చేస్తుంటాయో తెలియాలి.

పైకి పలుచని చర్మపు మడతగా కనిపించే కనురెప్ప లోపల ఒక గట్టి పలక ఉంటుంది. టార్సల్ ప్లేటు అనే ఈ పలక ఎముకా కాదు, మృదులాస్థీ కాదు. దట్టంగా అల్లుకున్న పీచు కణజాలం. సుమారు ఒక మిల్లీమీటరు మందంతో, పై రెప్పలో దాదాపు 10 మిల్లీమీటర్ల ఎత్తున, కింది రెప్పలో అందులో సగం ఎత్తున నిలిచి, రెప్ప ఆకారం చెదరకుండా కాపాడేది ఇదే. ఈ పలక మందంలోనే పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు పొడవాటి గ్రంథులు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి ఇమిడి ఉంటాయి. ప్రతి గ్రంథికీ నడుమ ఒక నాళం, ఆ నాళానికి చుట్టూరా నూనెను తయారుచేసే చిన్న తిత్తులు ఉంటాయి. ప్రాచీన వైద్యుడు గాలెన్ కాలం నుంచే వీటి ప్రస్తావన ఉన్నా, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌కు చెందిన వైద్యుడు హైన్రిక్ మైబోమ్ 1666లో వీటిని వివరంగా వర్ణించి ప్రకటించినందువల్ల మైబోమియన్ గ్రంథులన్న పేరు స్థిరపడింది.

ఈ గ్రంథులు పనిచేసే తీరు కొంత విచిత్రమైనది. లాలాజల గ్రంథిలోని కణం తాను తయారుచేసిన ద్రవాన్ని బయటికి వదిలి తాను మిగిలి ఉంటుంది. మైబోమియన్ తిత్తిలోని కణం మాత్రం తిత్తి గోడ దగ్గర పుట్టి, నూనెను నింపుకుంటూ నాళం వైపు జరిగి, చివరికి పగిలి, తన సమస్త పదార్థంతో సహా తానే స్రావమైపోతుంది. అంటే రెప్ప అంచుకు చేరే ప్రతి నూనె చుక్కా చనిపోయిన కణాల సారమే. చనిపోయిన కణాల పొట్టు కూడా అదే దారిన రావలసి ఉండటంతో, ఆ దారి పూడుకుపోయే అవకాశం గ్రంథి నిర్మాణంలోనే ఉందన్నమాట. వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఇంకా చిన్నవైన మరో రెండు రకాల గ్రంథులున్నాయి: జైస్ గ్రంథులు వెంట్రుక కుదురులోకి నూనెను వదిలితే, మోల్ గ్రంథులు చెమట గ్రంథుల జాతికి చెందినవి. గడ్డ రెప్ప అంచు మీద లేచిందా, అంచుకు దూరంగా పలకలో లేచిందా అన్నదాన్ని బట్టి ఏ గ్రంథి దెబ్బతిన్నదో కంటి డాక్టరు చాలావరకు చూపుతోనే చెప్పగలుగుతాడు.

కంటి ముందుభాగాన్ని కప్పి ఉండే కన్నీటి పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. అంత పలుచని నీటి పొర గాలి తగలగానే ఆరిపోకుండా ఉండటానికి కారణం దాని మీద పరుచుకునే మరింత పలుచని నూనె పొర. రెప్ప వేసిన ప్రతిసారీ, వెంట్రుకల కుదుళ్లకూ గ్రంథుల నోళ్లకూ చుట్టూ ఉన్న సన్నని కండరపు పీచు బిగిసి కొద్దిపాటి నూనెను బయటికి నెడుతుంది. రెప్ప తెరుచుకుంటూ ఆ నూనెను కన్నీటి మీద పరుస్తుంది. నిమిషానికి సుమారు పదిహేనుసార్లు జరిగే ఈ పని ఎవరి గమనికలోకీ రాదు. కంప్యూటరు, ఫోను తెరల ముందు కూర్చున్నప్పుడు రెప్పపాట్ల సంఖ్య బాగా తగ్గుతుంది, వేసిన రెప్ప కూడా చాలాసార్లు పూర్తిగా మూసుకోదు. అందువల్ల నూనె బయటికి రావడమూ తగ్గుతుంది, వచ్చింది సమంగా పరుచుకోవడమూ తగ్గుతుంది.

మైబమ్ అని పిలిచే ఈ నూనెలో మైనాన్ని పోలిన ఎస్టర్లు, కొలెస్ట్రాల్ ఎస్టర్లు ప్రధానమైనవి. నీటి మంచులా ఇది ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరగదు. కొన్ని డిగ్రీల వ్యవధిలో మెల్లమెల్లగా మెత్తబడి ద్రవమవుతుంది. ఆరోగ్యవంతుల రెప్పలో ఉండే 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడికి ఇది సులువుగా పారేంత పలుచగా ఉంటుంది. గ్రంథి రోగగ్రస్తమైనప్పుడు నూనె కూర్పు మారి, కరగడానికి ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ కావలసి వస్తుంది, కాని రెప్ప ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. చలికాలపు ఉదయాన గిన్నెలో నెయ్యి పేరుకున్నట్లే నాళంలో నూనె పేరుకుంటుంది. రెప్పను నొక్కినప్పుడు తేట చుక్కకు బదులు తెల్లని ముద్ద, ఒక్కోసారి టూత్‌పేస్టులా సాగే పోగు బయటికి వస్తుంది. దీనికితోడు నాళపు గోడల చర్మం మందమెక్కి, పొట్టు రాలి నోటిని పూడ్చేస్తుంది. ఈ స్థితిని మైబోమియన్ గ్రంథుల లోపమని అంటారు. కళ్లు పొడిబారడానికి ప్రపంచవ్యాప్తంగా ఇది ముఖ్యకారణాల్లో ఒకటి. వయసు పెరగడం, ఆండ్రోజెన్ హార్మోన్లు తగ్గడం, ముఖం ఎర్రబారే రొసేషియా, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఈ లోపాన్ని పెంచుతాయి.

రెప్ప అంచున సహజంగానే కాపురముండే బాక్టీరియా కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. స్టెఫిలోకాకస్ జాతి సూక్ష్మజీవులు విడుదల చేసే లైపేజ్ అనే ఎంజైము నూనెను విరిచి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఆమ్లాలు రెప్ప లోపలివైపును, తెల్లగుడ్డును కప్పి ఉండే కంటిపొరను మండిస్తాయి, కన్నీటిలోని సోడియంతో కలిసి అక్షరాలా సబ్బుగా మారతాయి. కొందరి కళ్ల మూలల్లో, కింది రెప్ప అంచు వెంట కనిపించే తెల్లని నురగ ఆ సబ్బుదే. గరగరలాడే కళ్లకు దుమ్మే కారణమనుకుని పదేపదే చన్నీళ్లు చల్లుకునేవారు నూనెను ఇంకాస్త చల్లబరుస్తున్నారే తప్ప మూలాన్ని తాకడం లేదు.

ఇక గడ్డల విషయానికి వస్తే, తెలుగువారు కంటికురుపు అని పిలిచేది, వైద్యులు స్టై అనేది, చీము పట్టిన గ్రంథి. వెంట్రుక కుదురును ఆనుకున్న జైస్ గ్రంథి గానీ మోల్ గ్రంథి గానీ పూడుకుపోయి అందులో బాక్టీరియా, చాలా సందర్భాల్లో స్టెఫిలోకాకస్ ఆరియస్, పెరిగినప్పుడు రెప్ప అంచు ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, ముట్టుకుంటే ఓర్వలేనంత సలుపుతూ, తెల్లని మొనతేలుతుంది. అదే చీము మైబోమియన్ గ్రంథిలో పడితే మొన లోపలివైపుకు తిరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువగా ఉంటుంది, రెప్ప మొత్తం ఉబ్బి కన్ను సగం మూసుకుపోతుంది. ఎంత బాధపెట్టినా దీని ఆయుష్షు తక్కువ: ఎక్కువమందిలో వారం పదిరోజుల్లో అది తనంతట తాను చితికి చీము కారి మానిపోతుంది. వేళ్లతో చిదమడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే చీము పైకి రావడానికి బదులు రెప్ప కణజాలంలోకి పాకి సెల్యులైటిస్ అనే వ్యాపించే వాపుకు దారితీయవచ్చు.

రెండో రకం గడ్డను కలేజియన్ అంటారు; కంటికురుపుతో దీన్ని కలగలిపి చూడటం సర్వసాధారణం, కాని రెండింటి స్వభావమూ వేరు. ఇందులో సూక్ష్మజీవులకు పెద్దగా పనిలేదు. మూసుకుపోయిన మైబోమియన్ గ్రంథిలో ఒత్తిడి పెరిగి తిత్తి పగిలినప్పుడు నూనె చుట్టూ ఉన్న పలకలోకి కారుతుంది. తన సొంత శరీరంలోనే తయారైన పదార్థమైనా, ఉండవలసిన చోట లేకపోవడంతో రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా లెక్కగట్టి చుట్టుముడుతుంది. ఇలాంటి గడ్డ నుంచి తీసిన ముక్కను పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, గుండ్రని ఖాళీ రంధ్రాలు అక్కడక్కడా కనిపిస్తాయి. అవి నూనె బిందువులున్న చోట్లు, పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్ ద్రావకాల్లో నూనె కరిగిపోగా మిగిలిన ఖాళీలు. ఒక్కొక్క ఖాళీ చుట్టూ భక్షక కణాలు గుమిగూడి ఉంటాయి. వాటిలో కొన్ని ఒంటరిగా మింగలేనంత పెద్ద నూనెచుక్కకు ఎదురుపడి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న రాక్షస కణాలుగా మారి ఉంటాయి. ఈ గుంపును గ్రాన్యులోమా అంటారు. చేతికి గట్టిగా తగిలేది ఆ గుంపే. చీము కాదు, నీరు కాదు, కొవ్వు ముద్ద కూడా కాదు.

అందుకే కలేజియన్ వారాల తరబడి మెల్లగా పెరిగి, రెప్ప చర్మం కింద గుండ్రంగా, నొప్పి లేకుండా నిలిచిపోతుంది. పైనున్న చర్మం దాని మీద స్వేచ్ఛగా కదులుతుంది, గడ్డ మాత్రం పలకకు అంటుకుని కదలదు. రెప్పను తిరగేసి చూస్తే ఆ చోట కంటిపొర ఎర్రగానో బూడిదరంగులోనో కమిలి ఉంటుంది. పై రెప్ప నడుమ లేచిన గడ్డ పెద్దదైతే కంటి నల్లగుడ్డు మీద ఉన్న పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను నొక్కి, దాని వంపును మార్చి చూపును మసకబరుస్తుంది. గడ్డ పోయాక ఆ మసక కూడా సాధారణంగా పోతుంది. చూపు ఇంకా కుదురుకుంటున్న వయసులోని పిల్లల్లో మాత్రం నెలల తరబడి ఇలాగే వదిలేస్తే ఆ కన్ను చూడటం నేర్చుకోకుండా వెనకబడే ప్రమాదముంది కనుక, పసిపిల్లల రెప్ప మీది పెద్ద గడ్డను పెద్దల గడ్డంత నింపాదిగా చూడటానికి వీల్లేదు.

ఈ రెండు గడ్డల మధ్య తేడాను సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఎంతో స్పష్టంగా గుర్తించింది. రెప్పల్లో వచ్చే 21 రోగాలను లెక్కించిన ఆ గ్రంథం, మంట, పోటు గల చిన్న మెత్తని పొక్కును అంజననామిక అనీ, పక్వం కాని, గట్టిదైన, నొప్పిలేని, రేగిపండంత గడ్డను లగణం అనీ వేరుచేసి చెప్పింది. అంజననామికకు ముందుగా స్వేదనం, అంటే కాపడం పెట్టడం, లగణాన్ని కోసి తెరవడం ఆ గ్రంథం చూపిన దారులు. సూక్ష్మదర్శిని, బాక్టీరియా ఊహకైనా అందని కాలంలో కేవలం చేతి స్పర్శతో, రోగి చెప్పిన నొప్పితో ఇంత తేడా పట్టుకోవడం మెచ్చుకోదగినది. ఈనాటి కంటి ఆసుపత్రిలో కూడా ఈ రెండు గడ్డలకు చేసే పనుల్లో ముఖ్యమైనవి ఆ రెండే.

ఇళ్లలో జరిగే వైద్యం సంగతి కొంత భిన్నం. కంటికురుపు లేచిందంటే ఒంట్లో వేడి చేసిందని తేల్చడం, మజ్జిగ తాగించడం, కళ్లకు చలవ అని నందివర్ధనం పూలు ఆనించడం తెలుగునాట అలవాటు. వేలిని అరచేతిలో గట్టిగా రుద్ది ఆ వెచ్చదనాన్ని కురుపుకు తాకించడమూ అంతే పాతది. వీటిలో మజ్జిగ వల్ల నష్టం లేదు, వేలి వెచ్చదనం సరైన దిశలో వేసిన అడుగే అయినా క్షణంలో చల్లారిపోతుంది. వేడి వల్ల వచ్చిందనుకున్న కురుపుకు అసలు మందు వేడే కావడం ఇందులోని వింత. లవంగం అరగదీసి పట్టించడం, సెగగడ్డలకు రాసినట్లు సున్నం రాయడం మాత్రం చేయరాని పనులు. సున్నం క్షారగుణం కలది, కణికంత కంట్లో పడినా కార్నియాను కాల్చి శాశ్వతంగా మచ్చ చేయగలదు.

కాపడం అనేది చెప్పడానికి తేలిక, సరిగ్గా చేయడం అంత తేలిక కాదు. పూడుకుపోయిన నాళంలోని నూనె మెత్తబడాలంటే రెప్ప లోపలి వైపు ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా చేరాలి, చర్మానికి తగిలే వేడి 45 డిగ్రీలు దాటకూడదు. ఈ రెండు హద్దుల మధ్యనే పని జరగాలి. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లబడిపోతుంది కాబట్టి, దాన్ని మళ్లీ మళ్లీ ముంచుతూ మొత్తం అయిదు నుంచి పది నిమిషాలు ఆనించి ఉంచితేనే ఫలితం ఉంటుంది. ముంజేతి లోపలివైపు ఆనించి చూసి, ఓర్చుకోదగిన వేడి అనిపించినదే కంటికి పెట్టాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసిన సంచులు, గుడ్డలు ఒక్కోచోట ఎక్కువగా కాగి రెప్పను కాల్చిన సందర్భాలు ఉన్నాయి. కాపడం అయిన వెంటనే, నూనె ఇంకా మెత్తగా ఉండగానే, పై రెప్పను పైనుంచి కిందికీ, కింది రెప్పను కిందినుంచి పైకీ, అంటే రెండుచోట్లా నోళ్ల వైపుకు, శుభ్రమైన వేలితో మెల్లగా నిమరాలి. కంటిగుడ్డు మీద ఒత్తిడి పడరాదు. రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు ఇలా చేస్తే కొత్తగా వచ్చిన కలేజియన్లలో చాలా భాగం కొన్ని వారాల్లో కరిగిపోతాయి. మూడు రోజులు చేసి విసుగుపడి మానేసేవారే ఎక్కువ, ఆ తర్వాత వైద్యం పనిచేయలేదని అనేవారూ వారే.

కలేజియన్‌లో బాక్టీరియా ముఖ్యపాత్ర వహించదు కాబట్టి యాంటీబయాటిక్ చుక్కలు దాన్ని కరిగించలేవు. చీము పట్టిన కంటికురుపులో ఆయింట్‌మెంటు కొంత ఉపయోగపడవచ్చు, రెప్పంతా వాచి జ్వరం వచ్చినప్పుడు మాత్రలు తప్పవు. రెప్ప వాపుతో పాటు కంటిగుడ్డు కదలకపోవడం, ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం వంటివి ఉంటే అది కనుగూటిలోకి పాకిన చీము కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి చేరవలసిన స్థితి. అసలు చిక్కు మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే చుక్కల మందులతో వస్తున్నది. వాటిలో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు త్వరగా తగ్గడం చూసి మంచి మందు దొరికిందని నెలల తరబడి వాడేవారిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, కటకం మసకబారవచ్చు. రెప్పలో నూనె మాత్రం ఎప్పటిలాగే పేరుకుని ఉంటుంది.

నెల రెండు నెలల కాపడంతో కూడా లొంగని గడ్డకు రెండు మార్గాలున్నాయి. ఒకటి గడ్డలోకి ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్‌ను సూదితో కొద్ది పరిమాణంలో ఎక్కించడం. అది గుమిగూడిన భక్షక కణాలను చెదరగొట్టి గడ్డను కుదింపజేస్తుంది, అయితే చామనఛాయ చర్మంలో సూది పడిన చోట రంగు పోయి తెల్లమచ్చ మిగిలే అవకాశం ఉన్నందువల్ల కొందరు డాక్టర్లు రెప్పను తిరగేసి లోపలివైపు నుంచే ఎక్కిస్తారు. రెండోది శస్త్రచికిత్స. లిగ్నోకైన్ సూదితో రెప్పను మొద్దుబార్చి, ఒకవైపు పలకా మరోవైపు వలయమూ ఉన్న పట్టకారులో గడ్డను బిగించి, రెప్పను తిరగేస్తారు. బిగింపు వల్ల రక్తస్రావం కూడా అదుపులో ఉంటుంది. కంటిపొర వైపు నుంచి రెప్ప అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆపుతూ నిలువుగా గాటు పెట్టి, చిన్న గరిటె వంటి క్యూరెట్‌తో లోపలి మెత్తని ఎర్రటి పదార్థాన్ని గీకి తీసి, దాన్ని పట్టి ఉంచిన తొడుగును కూడా వీలైనంత తొలగిస్తారు. గాటు నిలువుగానే ఉండటానికి కారణం గ్రంథులు నిలువుగా ఉండటమే: అడ్డంగా కోస్తే బాగా ఉన్న పక్క గ్రంథులు నాలుగైదు తెగిపోతాయి. అంచు దాకా కోయకపోవడానికి కారణం, అంచు తెగితే మానేటప్పుడు అక్కడ నొక్కు పడి రెప్ప సరిగ్గా మూసుకోకపోవడం. కుట్లు అవసరం లేదు, చర్మం మీద మచ్చా మిగలదు, మొత్తం పావుగంట పని. కదలకుండా ఉండలేని పిల్లలకు మాత్రం పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది.

రెప్ప మీది ప్రతి ఉబ్బూ గ్రంథిదే కానక్కరలేదు. లోపలి మూలల్లో పసుపుపచ్చగా చదునుగా వచ్చే జాంథెలాస్మా చర్మం కింద చేరిన కొవ్వు, రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవడానికి సూచన. మోల్ గ్రంథి నుంచి పుట్టే నీటితిత్తి తేటగా, దీపపు వెలుతురు దాటేలా ఉంటుంది. నడుమ గుంట ఉన్న చిన్న ముత్యపు పొక్కులు మొలస్కమ్ అనే వైరస్ వల్ల వస్తాయి.

గడ్డలు మళ్లీ మళ్లీ, ఒక్కోసారి ఒక్కో చోట వస్తుంటే కారణం గ్రంథుల సాధారణ లోపంలోనో, రెప్ప అంచున నిలిచిన వాపులోనో ఉంటుంది. కంటికురుపులు వరసగా వస్తున్న మధ్యవయస్కులకు రక్తంలో చక్కెర పరీక్ష చేయించడం మంచిదన్న సలహా ఊరికే పుట్టింది కాదు. వెంట్రుకల మొదట్లో గాజు గొట్టంలా పారదర్శకమైన పొట్టు చుట్టుకుని ఉంటే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగులను అనుమానించాలి. వీటిలో డెమోడెక్స్ ఫొలిక్యులోరమ్ వెంట్రుక కుదుళ్లలో నివసిస్తే, ఇంకా పొట్టిదైన డెమోడెక్స్ బ్రెవిస్ నూనె గ్రంథుల్లోకే దూరి ఉంటుంది. వయసుతో పాటు దాదాపు అందరి రెప్పల్లోనూ ఇవి ఉంటాయి, సంఖ్య మితిమీరినప్పుడే చిక్కు. వీటి కోసమే తయారైన లోటిలానర్ చుక్కల మందుకు అమెరికాలో 2023లో అనుమతి లభించింది. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో రెప్ప లోపలి గ్రంథులను ఫొటో తీసే మైబోగ్రఫీ వచ్చాక, ఏళ్ల తరబడి పూడుకున్న గ్రంథులు క్షీణించి, వరసలో ఖాళీలు ఏర్పడిన తీరు కంటికి కనిపిస్తున్నది; అలా పోయిన గ్రంథి తిరిగి పెరుగుతుందన్న ఆశ తక్కువ. కాటుక విషయానికి మళ్లీ వస్తే, దాన్ని మానవలసిన పనిలేదు గాని, లోపలి అంచు మీద కాక వెంట్రుకలకు బయటివైపున దిద్దుకోవడం, రాత్రి పడుకునేముందు పూర్తిగా తుడిచివేయడం గ్రంథుల నోళ్లకు మేలు. హైదరాబాదు పాతబస్తీలో అమ్మే కొన్ని రకాల సుర్మాల విషయంలో ఇంకో హెచ్చరిక అవసరం: సంప్రదాయ సుర్మాలో సీసం సల్ఫైడ్ ఉండవచ్చు, పసిపిల్లల శరీరంలోకి సీసం చేరడానికి అదొక దారి.

గడ్డ ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తే మాత్రం ఆలోచన పూర్తిగా మారాలి. నూనె గ్రంథుల కణాల నుంచే పుట్టే సెబేషియస్ గ్లాండ్ కార్సినోమా అనే క్యాన్సర్ తొలిదశలో కలేజియన్‌ను అచ్చుగుద్దినట్లు పోలి ఉంటుంది: అదే పై రెప్ప, అదే గట్టిదనం, అదే నొప్పిలేనితనం. పాశ్చాత్య దేశాల్లో రెప్ప క్యాన్సర్లలో అత్యధిక భాగం బేసల్ సెల్ కార్సినోమాలే కావడంతో అక్కడి పాఠ్యపుస్తకాలు దీన్ని అరుదైనదిగా వర్ణిస్తాయి. ఆ వాక్యాన్ని భారతదేశానికి యథాతథంగా తెచ్చుకోవడం పొరపాటు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు రెప్ప క్యాన్సరున్న 536 మంది భారతీయ రోగుల వివరాలను 2019లో ప్రచురించినప్పుడు, అందులో సగానికి పైగా సెబేషియస్ రకానివే, బేసల్ సెల్ రకం సుమారు నాలుగో వంతు మాత్రమే. అరవై ఏళ్ల వయసున్న వ్యక్తికి రెప్ప మీద తొలిసారి లేచిన గట్టి గడ్డను పాతికేళ్ల విద్యార్థి గడ్డతో సమానంగా చూడలేకపోవడానికి కారణం ఇదే. గడ్డ ఉన్నచోట వెంట్రుకలు రాలిపోవడం, రెప్ప అంచు పసుపుపచ్చగా మందమెక్కడం, పుండుపడటం, ఒకే కంటికి నెలల తరబడి తగ్గని కళ్లకలక వంటి ఎరుపు ఉండటం, తీసిన గడ్డ అదే చోట తిరిగి లేవడం దీని గుర్తులు.

ఈ క్యాన్సర్‌కు మరో దుర్గుణం ఉంది. మూలపు గడ్డ నుంచి కణాలు కంటిపొర పైపొరలోకి విడివిడిగా, పైకి ఆనవాలు లేకుండా పాకుతాయి కాబట్టి, గడ్డను మాత్రమే కోసి తీస్తే సరిపోదు; అనుమానమున్నప్పుడు కంటిపొరలో పలుచోట్ల నుంచి చిన్నచిన్న ముక్కలు తీసి ఎక్కడిదాకా పాకిందో పటం గీసినట్లు గుర్తిస్తారు. చెవి ముందున్న, దవడ కిందున్న లింఫు గ్రంథులను తడిమి చూడటం కూడా పరీక్షలో భాగమే. రెప్పకే పరిమితమై ఉండగా పట్టుబడితే, చుట్టూ కొంత మేర ఆరోగ్యవంతమైన కణజాలంతో సహా తొలగించి, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని సూక్ష్మదర్శినితో నిర్ధారించుకున్నాక రెప్పను తిరిగి నిర్మిస్తారు. కనుగూటిలోకి చేరాక పట్టుబడితే కంటిగుడ్డుతో సహా తీసివేయవలసి రావచ్చు. కలేజియన్‌గా భావించి గీకి తీసిన పదార్థాన్ని గాజుగుడ్డతో తుడిచి చెత్తబుట్టలో వేయడం చిన్నవయసు రోగిలో పెద్ద తప్పు కాకపోవచ్చు గాని, పెద్దవయసు వారిలో, రెండోసారి తీస్తున్నప్పుడు, ఆ ముక్క సీసాలో పాథాలజీ ప్రయోగశాలకు వెళ్లి తీరాలి. దానితో పాటు వెళ్లే ఫారంలో సర్జన్ తన అనుమానాన్ని స్పష్టంగా రాయడం అవసరం, ఎందుకంటే మామూలు పద్ధతిలో సిద్ధం చేసేటప్పుడు నూనె కరిగిపోయి ఈ క్యాన్సర్ మరో రకంగా పొరబడే వీలుంది. అనుమానం ముందే తెలిసిన పాథాలజిస్టు తాజా ముక్కను గడ్డకట్టించి కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వేసి గాని, నూనెబిందువుల పొరలోని అడిపోఫిలిన్ అనే ప్రోటీన్ కోసం పరీక్షించి గాని తేల్చి చెప్పగలుగుతాడు.